జడ్జిగారు లేని సినిమా

మే 4, శనివారం

ఒసేయ్ మిరపగింజా, మీ అమ్మ జడ్జి అయింది!

నవ్వకు. నిజం జడ్జినే. మెడలో వేసుకోవడానికి అట్టముక్క కూడా ఇస్తారట. పొద్దున లాండ్రీ తమ్ముడు షట్టరు సగం ఎత్తి, మిగతా సగం ఎత్తే ఓపిక లేక ఆ సందులోంచే వంగి దూరి వచ్చి, "అక్కా, నీ చీటీ లేచింది!" అని అరిచాడు. నేను అప్పటికే వెనక గుమ్మంలోంచి వచ్చి, నా మూలన కూర్చుని ఎవరిదో ప్యాంటు జిప్పు ఊడదీస్తున్నాను. ఏ చీటీరా అంటే అప్పుడు చెప్పాడు.

నీ లావు పుస్తకం లేదూ, దాన్ని సినిమా తీశారట. ఫిల్ము సంఘం వాళ్ళు ఆ సినిమాకి షీల్డు ఇవ్వాలా వద్దా అని తేలుస్తారట. పుస్తకానికి తగ్గట్టు ఉంటే ఇస్తారు, లేకపోతే లేదు. అయిదుగురు జడ్జీలు. నలుగురు బాగా చదువుకున్నవాళ్ళు. అయిదో మనిషి మామూలు ప్రేక్షకుల్లోంచి, కానీ ఆ నవల చదివి ఉండాలి. సినిమా హాలు కౌంటరు దగ్గర డబ్బా పెడితే, వీడు నాకు ఒక మాటైనా చెప్పకుండా నా పేరు రాసి వేసేశాడు.

"నేను చదవలేదురా. మా అమ్మాయి చదువుతుంటే విన్నాను."

"కళ్ళతో చదివితేనే చదివినట్టా? నువ్వు చెవులతో చదివావు. పెట్టు సంతకం."

కాగితం మీద 'ఈ నవలను మొదటి నుంచి చివరి వరకు చదివాను' అని ఉంది. కూడబలుక్కుని చదివాను. అయిదో తరగతి సంతకం ఒకటి వంకరగా పెట్టేశాను. అయినా విన్నదంతా గుర్తుంది కదా నాకు, ఎవరు ఏం అడిగినా చెప్పగలను. నీ పుస్తకంలో బాతుకి కూడా జడ్జిగారనే పేరు. ఇప్పుడు ఇద్దరు జడ్జీలం.

నువ్వు వెళ్ళి పదమూడు నెలలు. ఇన్ని నెలల్లో నా దగ్గరికి ఎవరైనా నవ్వు మొహంతో పరిగెత్తుకు రావడం ఇవాళే.

మే 5

జడ్జీలు ఏం వేసుకుంటారే?

మే 7

ఇవాళ ఆ నలుగురినీ చూశాను. మాస్టారు పెద్ద, ఆయన చెప్పిందే చివరి మాట. పళ్ళ డాక్టరమ్మ. ప్రెస్సాయన, పుస్తకాలు అచ్చువేస్తాడు. రేడియోలో మాట్లాడే ఆవిడ, మామూలుగా మంచినీళ్ళు అడిగినా వార్తలు చదువుతున్నట్టే ఉంటుంది. అందరూ నన్ను "మీరు" అన్నారు. నా పక్కన ఎవరో ఉన్నారేమోనని ఒకసారి చూసుకున్నాను.

అట్టముక్క తాడు ముడతలుగా ఉంటే నలుగురివీ తెచ్చి ఇస్త్రీ చేసి ఇచ్చాను. మాస్టారు మురిసిపోయారు. "ముప్పై ఏళ్ళుగా ఈ సంఘం నడుపుతున్నానమ్మా, మాలో ఎవరికీ ఇది తట్టలేదు."

నవల గురించి ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. బతికిపోయాను.

మే 10

రేపే సినిమా. పని చేతికి రావడం లేదు. ఒక స్కూలు యూనిఫాం చేతులు రెండూ ఎడమవే కుట్టాను. తమ్ముడు వాటిని ఎత్తి పట్టుకుని, "ఈ పిల్లవాడికి కుడి చెయ్యి లేదా అక్కా, పాపం" అన్నాడు.

అన్నీ గుర్తు చేసుకుంటున్నాను, ఏదైనా మరిచిపోతే రేడియో ఆవిడ పట్టుకుంటుందని. నువ్వు కిటికీ పక్క మంచం మీద, వీపు కింద మూడు దిళ్ళు. నేను మిషను దగ్గర. నీకు నోటికి ఏదీ సయించేది కాదు. నేను మొహం వేలాడేసుకుని గిన్నె పట్టుకుని కూర్చుంటే నువ్వే అన్నావు, "అమ్మా, ఒప్పందం. నువ్వు ఒకసారి నవ్వితే నేను ఒక ముద్ద తింటా." ఎక్కడి నవ్వు తెచ్చేది? అప్పుడు నువ్వు పుస్తకం తెరిచావు.

మొదట్లో నవ్వు వచ్చే కథే కాదు. రేవులో పడవ నడిపే పిల్ల. పడవ అమ్మేద్దామని చూసే మేనమామ. వంతెన కట్టడానికి వచ్చిన ఇంజనీరు. వంతెన వస్తే పడవ పోతుంది, ఆ పిల్లకేమో ఇంజనీరు అంటే ఇష్టం. పిల్ల వానలో తడిసి జ్వరంతో పడుకుంది. నాకు భయం వేసింది. అప్పుడు గదిలోకి బాతు వచ్చింది. అంతే, అక్కణ్ణుంచి ఒకటే నవ్వు. ఆ బాతు మంచం ఎక్కి కూర్చుని దిగదు. మందు చేదుగా ఉందంటే డాక్టరు చెయ్యి కొరికేది. మామ అబద్ధం చెప్పినప్పుడల్లా ఒకసారి 'క్వాక్'. అందుకే జడ్జిగారు అని పేరు పెట్టారు. నువ్వు ఆ గొంతు చేస్తుంటే నా సూది ఎటు పోయేదో. ఒకరోజు పదకొండు ముద్దలు తిన్నావు.

ఒక్కోసారి గంటసేపు పేజీ తిప్పేదానివి కాదు. సన్నటి అక్షరాలు కాబోలు అనుకునేదాన్ని.

మే 11

మొదట ఇంటర్వెల్ దాకా రాస్తాను.

అబ్బ, ఏం తీశారే! నువ్వు చదివినట్టే. అదే రేవు, అదే పడవ, పడవకి ఆకుపచ్చ గీత కూడా. రెండో వరసలో మేం అయిదుగురం. నాకు కాళ్ళు నిలవలేదు. పళ్ళ డాక్టరమ్మ చెవిలో, "ఇప్పుడు మామ గొడుగు విరగ్గొడతాడు చూడండి" అన్నాను. విరగ్గొట్టాడు. "ఇంజనీరు టోపీ నీళ్ళలో పడుతుంది" అన్నాను. పడింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అమ్మో, మీకు కంఠతా వచ్చే!" అంది. గర్వంతో నా వీపు కుర్చీకి ఆనలేదు.

ఇంటర్వెల్లో పాప్‌కార్న్ తిన్నాం. ప్రెస్సాయన కట్టుడుపళ్ళతో జాగ్రత్తగా నములుతూ, నా అభిప్రాయం అడిగాడు. "కట్టింగు బాగుంది, కుట్టు గట్టిగా ఉంది, ఎక్కడా దారం కనపడటం లేదు" అన్నాను. రేడియో ఆవిడ దాన్ని పుస్తకంలో రాసుకుంది! నా మాట!

ఇక ఇంటర్వెల్ తర్వాత. పిల్ల వానలో తడిసింది. జ్వరం. గది. తలుపు తెరుచుకుంది. నేను ముందే నవ్వడం మొదలుపెట్టాను. వచ్చింది మామ. సరే, ఈ మామ వెనకాల వస్తుందేమో. రాలేదు. డాక్టరు వచ్చాడు. ఇప్పుడు కొరుకుతుంది అనుకున్నాను. కొరకలేదు. మంచం కింద చూపిస్తారేమోనని మెడ సాచి చూశాను. వెనక నుంచి ఎవరో, "అమ్మా, తల దించండి" అన్నారు.

ఆ తర్వాత ఆ పిల్ల చచ్చిపోయింది.

మిరపగింజా, ఆ పిల్లని చంపేశారు.

నేను లేచి నిలబడ్డాను. నిలబడాలని అనుకోలేదు, లేచిపోయాను. "ఇది తప్పు! బాతు ఏదీ?" అన్నాను. గట్టిగానే అన్నానట. వెనక వరసలోంచి ఎవడో, "ఇంటర్వెల్లో బయటికెళ్ళింది పిన్నిగారూ, టిక్కెట్టు పారేసుకుందేమో, లోపలికి రానివ్వడం లేదు!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. పళ్ళ డాక్టరమ్మ నన్ను లాగి కూర్చోబెట్టింది. చివర ఖాళీ పడవ తాడు తెగి నీళ్ళలో పోతోంది. నేను సరిగా చూడలేదు. కాదు, చూశాను.

సినిమా అయ్యాక వెనక గదిలో మార్కులు. మాస్టారూ ప్రెస్సాయనా షీల్డు ఇవ్వాలన్నారు. పళ్ళ డాక్టరమ్మా రేడియో ఆవిడా వద్దన్నారు, నవలలో ఊరి గోడు ఎక్కువ ఉంది, సినిమాలో ప్రేమ గోడు ఎక్కువైందని. ఇద్దరూ ఇద్దరూ. నలుగురూ నా వైపు తిరిగారు.

"సున్నా" అన్నాను. "రెండో సగం మొత్తం మార్చేశారు. ఆ పిల్ల బతుకుతుంది. పడవ మీద టీ దుకాణం పెడుతుంది. ఇంజనీరు వచ్చి కప్పులు కడుగుతాడు. జడ్జిగారు ముందు కూర్చుని, కాళ్ళు తుడుచుకోనివాళ్ళని పడవ ఎక్కనివ్వదు."

"ఏ జడ్జిగారు?" అంది రేడియో ఆవిడ.

"బాతు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, నవలలో కూడా ఆ అమ్మాయి చనిపోతుంది."

"మీది వేరే అచ్చేమోనండీ."

"ఏ అచ్చు వేరేనమ్మా?" అన్నాడు ప్రెస్సాయన. "నేనే మూడుసార్లు వేశాను. బాతు ఉంటే నా చేతుల్లోంచి నాకు తెలియకుండా ఎగిరిపోతుందా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మాస్టారు మెల్లగా, "వచ్చే శనివారం తేలుద్దాం. ఈలోగా పుస్తకం ఒకసారి తిరగేసి రండి. మీ మాటే ఇప్పుడు తీర్పు" అన్నారు.

మే 12

పుస్తకం తీయను.

మే 13

ఆలోచిస్తే అర్థమైంది. బాతులు చెప్పిన మాట వినవు. కెమెరా పెడితే పారిపోతాయి. అందుకే తీసేసి ఉంటారు. బాతు లేకపోతే మామ అబద్ధాలు పట్టుకునేవాళ్ళు లేరు, డాక్టరుని కొరికేవాళ్ళు లేరు, అందుకని పిల్ల చచ్చిపోయింది. సినిమా వాళ్ళ లెక్క అది. ప్రెస్సాయనకి వయసు మీద పడింది, ఏ పుస్తకం వేశాడో ఏం గుర్తు?

తమ్ముడు అడిగాడు. "అక్కా, తీర్పు ఇచ్చేశావా?"

"వాయిదా వేశాను" అన్నాను.

"నిజం జడ్జివే!"

మే 14

తీయను అన్నాను కదా.

మే 15

తీశాను.

అలమరా పైన నీ ఊలు స్వెట్టరులో చుట్టి పెట్టాను, నేనే. పొద్దున పనికి వెళ్ళలేదు. మిషను మీద పుస్తకం పెట్టి తెరిస్తే అదే చోట తెరుచుకుంది. నేను కత్తిరించి పారేసిన నీలం అంచు గుడ్డముక్క, నువ్వు గుర్తుకి పెట్టుకున్నది. 231వ పేజీ.

వేలు పెట్టుకుని ఒక్కో అక్షరమూ చదివాను. పిల్ల వానలో తడిసింది. జ్వరం వచ్చింది. ఆ పేజీ అంచు నల్లగా, నీ వేళ్ళు ఆనీ ఆనీ మెత్తబడిపోయింది. ముందు పేజీలన్నీ అంతే. మిషను నూనె మరకలు, నలిగిన మూలలు.

232 తిప్పాను. తెల్లగా ఉంది. కొత్త కాగితంలాగా చప్పుడు చేసింది. 233 కూడా. 240 కూడా. రెండు పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయి, అచ్చులో అతుక్కున్నట్టే. వాటి మధ్య గోరు పెట్టి విడదీశాను.

అక్కడ ఆపేశాను.

మే 16

చదువుతున్నాను. నాకు జ్వరం అని షాపులో తమ్ముడికి చెప్పాను. పాపం, అబద్ధం. బాతు ఉంటే అరిచేది.

మే 17

404వ పేజీలో పిల్ల చచ్చిపోయింది. మధ్యాహ్నం మూడింటికి. నేను ఇంత పెద్ద పుస్తకం చదవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే. వేలు చివర వాచిపోయింది.

బాతు లేదు. ఎక్కడా లేదు. కోడి కూడా లేదు.

ఎంత గుండెలు తీసిన బంటువే నువ్వు! రెండు నెలలు. రెండు నెలలపాటు ఒక్క పేజీ తెరిచి పెట్టుకుని, కళ్ళు దాని మీదే ఉంచి, మధ్యలో "ఉండు, ఈ మాట సరిగా కనపడటం లేదు" అని కళ్ళు చికిలించి, నా మొహం చూసి చెప్పావు! ఒకసారి వేలు తడి చేసుకుని పేజీ తిప్పినట్టు కూడా చేశావు, నాకు గుర్తుంది. ఒకరోజు నేను "నిన్నటిది మళ్ళీ చదువు, బాతు టోపీ పెట్టుకున్నది" అంటే, "అమ్మా, చదివిన పేజీ వెనక్కి చదివితే అక్షరాలు అరిగిపోతాయి" అన్నావు. నమ్మాను! పెద్ద ఆల్టరేషన్ పనిదాన్ని నేను, ఎక్కడ విప్పి ఎక్కడ కుట్టారో చూపు ఆనగానే చెబుతాను. ఇంటి లోపల, నా కళ్ళ ముందు, పుస్తకం నడిమికి విప్పేసి నా కొలతకి కుట్టేస్తే కుట్టు కనపడలేదు.

ఆఖరి రోజు "సమాప్తం" అని పుస్తకం మూసి దానికి ముద్దు పెట్టావు. 231వ పేజీ మీద.

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఒక్కదాన్నే. ఎక్కిళ్ళు వచ్చేదాకా. పక్కింటావిడ గోడ తట్టింది.

సాయంత్రం మీ నాన్న డ్యూటీ దిగి వచ్చారు. నీ గురించి మేం మాట్లాడుకోం, నీకు తెలుసుగా, ఆయన బస్సు గురించి మాట్లాడతారు, నేను జిప్పుల గురించి. ఆయన ఇంకా గుమ్మంలో ఉండగానే, "బాతు లేదండీ" అన్నాను.

ఏ బాతు అని ఆయన అడగలేదు. బూటు లేసు విప్పుతూ, "జడ్జిగారు పుస్తకంలో ఎందుకుంటాడే, ఆ పేరు పెట్టింది నేనైతే" అన్నారు.

"మీకు తెలుసా!"

"పొద్దున నువ్వు షాపుకి వెళ్ళగానే కథ ముందు నాకు చెప్పి చూసేది. 'నాన్నా, అమ్మ దీనికి నవ్వుతుందా? ఇది బాగుందా, అది బాగుందా?' అని. మొదట కోతి అంది. 'మీ అమ్మకి కోతులంటే చిరాకు, బాతు పెట్టు' అన్నాను."

"టీ దుకాణం?"

"అది తనదే. ఇంజనీరు కప్పులు కడగడం నాది." బూటు చేతిలోనే ఉంది. "నాకు కప్పులు కడగడం రాదంటావుగా. కాస్త పరువు నిలుపుకుందామని."

"నాకు ఒక్క మాట చెప్పలేదే!"

"చెబితే నువ్వు నవ్వడం మానేస్తావంది. నువ్వు నవ్వకపోతే తను తినదుగా. నేను ఎవరి పక్కన ఉండాలి చెప్పు?"

నేను "క్వాక్" అన్నాను. నువ్వు చేసినట్టు రాలేదు. మీ నాన్నకి అది చాలు. గుమ్మంలో కూలబడి, ఒక కాలికి బూటుతో, నవ్వారు చూడూ! మళ్ళీ పక్కింటావిడ గోడ తట్టింది. మీ నాన్న తిరిగి తట్టారు.

మే 18, శనివారం

మిరపగింజా, తీర్పు ఇచ్చేశాను. విను.

వెళ్ళగానే మెడలో అట్టముక్క తీసి బల్ల మీద పెట్టాను. "నేను ఆ రోజు అబద్ధం సంతకం పెట్టానండీ. నేను నవల చదవలేదు. మా అమ్మాయి మంచంలో ఉండి చదివి వినిపించింది. 231వ పేజీ దాకా పుస్తకంలోంచి. తర్వాతది తన నోట్లోంచి. తను పోయింది. నాకు మొన్నటిదాకా తెలియదు."

పళ్ళ డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు, "నియమం ప్రకారం జడ్జి నవల మొత్తం చదివి ఉండాలి" అన్నారు.

"ఇప్పుడు చదివానుగా. మూడు రోజులు. కావాలంటే వేలు చూడండి."

మాస్టారు వేలు చూశారు. నిజంగానే చూశారు, కళ్ళజోడు పెట్టుకుని! అట్టముక్క తీసి ఆయనే నా మెడలో వేశారు. "అయితే చెప్పండి. షీల్డు ఇద్దామా, వద్దా?"

వారం రోజులుగా సున్నా, సున్నా అనుకుంటూ తిరిగాను. నీ కథని కాదన్నవాళ్ళకి షీల్డేమిటని. కానీ చదివాక ఆ మాట నోటికి రాలేదు. పుస్తకంలో ఆఖర్న ఖాళీ పడవ పోయినట్టు ఒక్క వాక్యమే ఉంది. సినిమాలో దాన్ని నిమిషంసేపు చూపించారు. పాట లేదు, ఏడుపు లేదు, నీళ్ళ చప్పుడు తప్ప. పడవ తిరిగి వస్తుందేమోనని చూస్తాం. రాదు.

"ఇవ్వండి" అన్నాను. "ఆ నిమిషం నాకు తెలుసు. దాంట్లో ఒక్క దారం అబద్ధం లేదు. నేను సినిమాని నా కొలతకి పెట్టి చూసి, సరిపోలేదని తిట్టాను. నా కొలతకి కుట్టింది వేరే ఉంది. అది నా దగ్గరే ఉంది. వీళ్ళది వీళ్ళకివ్వండి."

మూడు, రెండు. షీల్డు ఇచ్చేశారు. ఓడిపోయిన పళ్ళ డాక్టరమ్మ లేస్తుందేమో అనుకుంటే, కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుంది.

"ఇంతకీ ఆ బాతు డాక్టరుని ఎందుకు కొరికింది?"

ఇక చూడు! మొదలుపెట్టాను. మందు చేదు, మామ అబద్ధాలు, టోపీ, టీ కప్పులు. నిలబడి, నడిచి చూపించాను. 'క్వాక్' ఈసారి కుదిరింది. రేడియో ఆవిడ ఇంకోసారి అనమని తనూ అంది, వార్తలు చదివే గొంతుతో! మాస్టారు బల్ల మీద తల పెట్టేశారు. ప్రెస్సాయన నవ్వలేక రెండు చేతులతో దవడ పట్టుకుంటే పళ్ళ డాక్టరమ్మ, "అవి నేను కట్టినవే, ఊడవు, ధైర్యంగా నవ్వండి" అంది. టీ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు. ప్రెస్సాయన కళ్ళు తుడుచుకుని, "నా మూడు అచ్చుల్లోనూ ఇది లేకపోవడం నా దురదృష్టం" అన్నాడు.

ఇంటికి వచ్చి మీ నాన్నకి అంతా చెబితే, "నా కప్పుల ముక్క చెప్పావా?" అన్నారు. చెప్పానన్నాను. "నవ్వారా?" నవ్వారన్నాను. లేచి వెళ్ళి గిన్నెలు కడుగుతున్నారు. ఏదో పగిలింది కూడా. నేను లేవలేదు, నీకు రాస్తున్నాను.

ఇవాళ ఎన్నిసార్లు నవ్వానో నాకే తెలియదే. నావంతు అయింది. ఒప్పందం గుర్తుందిగా. ఇక సాకులు చెప్పకు, చదివి చదివి గొంతు ఎండిపోయి ఉంటుంది. పుస్తకం పక్కన పెట్టి, వేళకి తిను తల్లీ. కడుపునిండా తిను.